డెబ్బై రెండున్నర డిగ్రీలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అబద్ధం. నా కోపం ముక్కు దాకా కూడా పోదు, నోట్లోనే కాపురం ఉంటుంది. లేకపోతే 1997 మార్చిలో, మద్రాసు శివారు మనలిలోని జిగురు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చిన పొద్దున, ఏం జరిగిందో పూర్తిగా వినకముందే "ఆ పెద్దాయన చుక్క పెట్టడం మరిచిపోయుంటాడు, ఇంకేముంది" అని ఆఫీసంతా వినబడేలా అనేదాన్ని కాదు.

నా పేరు కుముదిని. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. టి. నగర్‌లో ఒక చీరల కొట్టు పైన, రెండో అంతస్తులో, ఆరుగురున్న చిన్న కంప్యూటర్ కంపెనీలో ప్రోగ్రాములు రాసేదాన్ని. ఊరి పేరు చెన్నై అని మారి ఏడాది కాలేదు, మా కంపెనీ కాగితాల మీద ఇంకా మద్రాసే ఉండేది. ఫ్యాక్టరీల్లో పాత మీటర్ల పలకలు పీకేసి వాటి స్థానంలో కంప్యూటర్ పెట్టుకుంటారు కదా, ఆ తెర మీద ఏం కనబడాలి, ఏ గడిలో ఏ అంకె కొట్టాలి, తప్పు అంకె కొడితే ఎలా ఆపాలి, ఇదంతా రాయడం నా పని. మా యజమాని కేదార్ గుంటూరు నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. మేము మాత్రం మా ముత్తాత కాలం నుంచి ఈ ఊరి వాళ్ళమే.

మనలి ఫ్యాక్టరీ తెర నేనొక్కదాన్నే రాశాను. వడ్రంగులు వాడే తెల్ల జిగురు అక్కడ వండుతారు. మనిషికి రెండింతల ఎత్తున్న స్టీలు పాత్ర, దాన్ని వాళ్ళు కెటిల్ అంటారు. దాని చుట్టూ ఆవిరి తిరిగి వేడి చేస్తుంది. డెబ్బై రెండున్నర డిగ్రీల దగ్గర గంటల తరబడి కదలకుండా నిలబెట్టాలి. ఎనభై అయిదు దాటిందంటే పాలు విరిగినట్టు విరిగి గడ్డ కట్టేస్తుంది. నా తెర మీద ఆ కెటిల్ బొమ్మ నీలంగా ఉండి, వేడెక్కేకొద్దీ ఎర్రబడేది. ఆ రంగులు చూసి నాకు నేనే మురిసిపోయేదాన్ని. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఒక ఆదివారం పనేమీ లేకపోయినా ఆఫీసుకు పోయి దాన్ని ఓసారి చూసుకుని వచ్చాను.

ఆ కెటిల్‌ను ఇరవై రెండేళ్ళుగా కాచుకుంటున్న మనిషి శేషాద్రి. యాభై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ నలగని ఖాకీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను తెలుగు మాట్లాడతానని తెలియగానే ఆయన మొదటి ప్రశ్న ఊరు గురించే.

"మీది యా ఊరు పాపా?"

"ఈ ఊరే. ట్రిప్లికేన్."

"అట్టయితే మనోళ్ళే. మాది తిరుత్తణి పక్కన. ఈడ ఇరవై రెండేండ్లుగా ఉండా. ఒక్క వంట చెడగొట్టలా. ఎవుర్నైనా అడుగు."

నేను ఎవర్నీ అడగలేదు, ఆయన చెప్పిన తీరే చాలింది. తన పని గురించి అలా నిటారుగా నిలబడి చెప్పుకునేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఆ రోజు నుంచే ఆయన్ని మామా అని పిలవడం మొదలుపెట్టాను.

వాళ్ళ పాత పలక మీద వేడి పెట్టడానికి మూడు చిన్న చక్రాలుండేవి. ఒక్కో చక్రం మీద సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలు. చుక్క లేదు. డెబ్బై రెండున్నర కావాలంటే ఏడు, రెండు, అయిదు తిప్పాలి. ఆ మోతలో ఒకరికొకరు అరిచి చెప్పుకునేటప్పుడు కూడా "సెవెన్ ట్వంటీఫైవ్" అనే అరుస్తారు. పాయింట్ అన్న మాట ఆ ఫ్యాక్టరీలో ఎవరి నోటా రాదు. అరవై డిగ్రీలంటే వాళ్ళకు ఆరు వందలు. "ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తే వెయ్యిన్ని పది అంటారా మామా?" అని నేను ఏడిపిస్తే, "మా ఆవిడ అట్టనే అంటాది పాపా, నాతో ఉండి ఉండి" అన్నాడు.

నా తెర మీద మాత్రం చుక్క ఉండి తీరాలి. డెబ్బై రెండున్నర డిగ్రీలైతే 72.5 అనే కనబడాలి, అలాగే కొట్టాలి. వారం రోజులు ప్యారీస్ కార్నర్‌లో బస్సు మారి, ఆ రిఫైనరీ వాసన పీల్చుకుంటూ మనలి పోయి ఆయనకు నేర్పించాను. చుక్క మరిచిపోయి 725 కొడితే కంప్యూటర్ కీచుమని తోసేసేది. నేను దానికంటే గట్టిగా కీచుమనేదాన్ని. నా తండ్రి వయసు మనిషిని పట్టుకుని "చుక్క, మామా, చుక్క" అని ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆయన ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు. నాలుగో రోజుకు, చెప్పకుండానే వేలు చుక్క మీదికి పోతున్నదని నన్ను పిలిచి మరీ చూపించాడు.

లోపలి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఆవిరిని నడిపే పెట్టె ఒకటుంటుంది. దానికి చుక్కలు తెలియవు, పూర్తి అంకెలే తెలుసు. దాని లెక్కలో డెబ్బై రెండున్నర అంటే 725. అందుకని నా ప్రోగ్రాము దాని అంకెను పదితో భాగించి 72.5 అని తెర మీద చూపిస్తుంది. మనిషి 72.5 కొడితే పదితో హెచ్చించి 725 అని పెట్టెకు పంపుతుంది. హెచ్చించే ముందు ఒక కాపలా పెట్టాను. కొట్టిన అంకె హద్దుల్లో ఉందా లేదా అది చూస్తుంది, లేకపోతే తోసేస్తుంది. ఆ హద్దులు వేరే ఫైల్లో ఉంటాయి. నేర్పించే రోజుల్లో నేనే సుమారుగా ఏవో పెట్టుకున్నాను. అసలు హద్దులు ఫ్యాక్టరీ వాళ్ళివ్వాలి. చివరి రోజు వాళ్ళు చీటీ రాసిచ్చారు, నేను ఆఫీసుకు వచ్చి వాటిని ఫ్లాపీలో ఎక్కించాను, దాన్ని తీసుకుపోయి వాళ్ళ కంప్యూటర్లో పెట్టాను. ఆ సాయంత్రం కెటిల్ ఖాళీగా ఉంది. రంగులు సరిగ్గా వస్తున్నాయా లేదా చూసుకుని బస్సెక్కేశాను. రంగులు బ్రహ్మాండంగా వచ్చాయి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కొత్త తెరతో మొదటి వంట. పదిన్నరకు ఫోన్. కెటిల్ నిండా జిగురు విరిగి గడ్డ కట్టింది. తెర పక్కనుండే ప్రింటరు, తీసుకున్న ప్రతి అంకెనూ టైముతో సహా కాగితం మీద కొడుతుంది. అందులో స్పష్టంగా ఉంది, 725. నా ప్రోగ్రాము దాన్ని పదితో హెచ్చించి ఏడు వందల ఇరవై అయిదు డిగ్రీలు కావాలని పెట్టెకు చెప్పింది. పెట్టె దానికి చేతనైనంత ఆవిరి వదిలేసింది.

"ప్రింటవుట్ ఉందిగా, మనకేం భయం లేదు" అన్నాడు కేదార్. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నా మొదటి తెర, మొదటి రోజే, ఒక చుక్క మరిచిపోయి తగలబెట్టేశాడు అనుకుంటూ ఆయన్ని నాలుగు దులుపుదామని బయలుదేరి మనలి పోయాను.

గేటు లోపలికి పోతుంటేనే ఉలి దెబ్బలు వినబడ్డాయి. కెటిల్లోకి మనుషులు దిగి గడ్డల్ని చెక్కి తీస్తున్నారు. శేషాద్రి లోపల లేడు. హాజరు వేసే టైమ్ ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నాడు, కుడి అరచేతికి కట్టుంది. పక్కవాళ్ళు చెప్పారు. కెటిల్ చప్పుడు మారిందని తెర చూడకముందే ఆయనకు తెలిసిందట. పరుగెత్తిపోయి, తొడుగు వేసుకునే టైము కూడా లేక, కాలిపోతున్న ఆవిరి వాల్వును చేత్తో తిప్పి మూసేశాడట. ఆయన మూయకపోతే పోయేది జిగురొకటే కాదని అందరికీ తెలుసు. అయినా మధ్యాహ్నానికి ఆయన చేతిలో మెమో పెట్టారు, అజాగ్రత్త అని. శుక్రవారం విచారణ. అందాకా పనిలోకి రాకూడదు.

కట్టు చూశాక కొంచెం మెత్తబడాల్సింది. పడలేదు.

"ఎన్నిసార్లు చెప్పాను మామా, చుక్క గురించి."

"పెట్టినా."

"ప్రింటులో లేదు."

"పెట్టినా పాపా. 72.5 కొట్టినా, నీ మిషను తోసేసింది. మళ్ళీ కొట్టినా, మళ్ళీ తోసేసింది. హద్దు దాటినావు అని ఎర్రగా రాసింది. ఇదేందిరా అనుకున్నా. సరి, ఇన్నాళ్ళకు మిషను కూడా మన మాట నేర్చుకునింది కాబోలు అని 725 కొట్టినా. తీసుకునింది."

"తోసెయ్యదు మామా. అది నేను రాసిన తెర."

ఆయన నా వంక చూశాడు. కోపంగా చూసినా బాగుండేది.

"నీ మాట నీది, నా మాట నాది. శుక్రవారం ఇద్దరం పోయి అదే చెప్దాం" అన్నాడు. "ఉజ్జోగం పోతే పోనీ పాపా. నాకేమి, ఆరు నెల్లు కూసోని తింటే వేరేది దొరుకుతాది. ఇరవై రెండేండ్ల తరవాత, నేర్పిచ్చినా నేర్చుకోలేనోడు, చుక్క పెట్టేది రానోడు అనిపిచ్చుకుని ఈ గేటు దాటను. అది మాత్రం నా వల్ల కాదు."

తిరుగు బస్సులో ఆయన ముసలితనానికి సాకు వెతుక్కుంటున్నాడనే అనుకున్నాను. అయినా మాట మాటే కదా, చూస్తే పోయేదేముందని ఆఫీసుకు రాగానే నా కంప్యూటర్లో తెర తెరిచి 72.5 కొట్టాను. తీసుకుంది. చూశావా అనుకున్నాను. 725 కొట్టాను. కీచుమని తోసేసింది. చూశావా అని ఇంకోసారి అనుకోబోయి ఆగిపోయాను.

725 కొడితే నా తెర తోసెయ్యాలి. ఇక్కడ తోసేసింది. మరి అక్కడ ఎలా తీసుకుంది? ఆయన చుక్క మరిచిపోతే ఆపడానికే కదా నేను కాపలా పెట్టింది. ఆ కాపలా పనిచేసి ఉంటే ఆ ప్రింటరు కాగితం మీద 725 అన్న అంకె పడనే పడకూడదు. పొద్దున్నుంచీ మేమందరం ఆయన మీద సాక్ష్యం అని ఊపుతున్న కాగితం నా మీద సాక్ష్యం.

మనలికి తీసుకుపోయిన ఫ్లాపీ కాపీ తీసి హద్దుల ఫైలు తెరిచాను. 600, 850. నేర్పించే రోజుల్లో నేను పెట్టుకున్నవి 60, 85; నా కంప్యూటర్లో ఇంకా అవే ఉన్నాయి. సొరుగులోంచి ఫ్యాక్టరీ వాళ్ళ చీటీ తీశాను. ముత్యాల్లాంటి అక్షరాలతో, కింద గీత గీసి మరీ రాసి ఉంది: తక్కువ 600, ఎక్కువ 850. పెట్టె లోపల కూడా ఆ అంకెలే ఉంటాయి కాబట్టి, ఎక్కించేటప్పుడు నా కంటికి అవి వింతగా కనబడలేదు. కానీ నా కాపలా చూసేది పెట్టెలో అంకెను కాదు, మనిషి కొట్టిన అంకెను. 72.5ను పట్టుకుని ఆరు వందల కంటే తక్కువ, పో అంది. 725ను పట్టుకుని రండి దయచేయండి అంది. నేను నేర్పినట్టు చుక్క పెట్టిన మనిషిని రెండుసార్లు గెంటేసి, చుక్క తీసేసి వస్తేనే లోపలికి రానిచ్చింది నా తెర.

చీటీ కింద సంతకం చూశాను. శేషాద్రి. హద్దులు రాసిచ్చింది ఆయనే.

కేదార్‌కు అప్పుడే చెప్పేశాను. ఆయన చీటీ తీసుకుని చదివి, మొహం వెలిగించుకున్నాడు.

"ఇంకేంటి మరి? ఆయన ఇచ్చినవే మనం ఎక్కించాం. ఎట్లా చూసినా తప్పు ఆయనదే."

"ఆయన చుక్క మరిచిపోయాడని మెమో ఇచ్చారు. ఆయన మరిచిపోలేదు."

"ప్రింటులో ఉంది కదమ్మా."

"తోసేసినవి ప్రింటు కావు. తీసుకున్నవే ప్రింటయ్యేలా రాశాను. అది కూడా నా తెలివే."

కేదార్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "అంబత్తూరు, ఎన్నూరు ఫ్యాక్టరీల వాళ్ళు మన తెర చూసి నిర్ణయం చేస్తామన్నారు. మొదటి తెరే తప్పని మనమే చెప్పుకుంటే ఆరుగురం ఇళ్ళకు పోవాలి. శుక్రవారం నువ్వు వచ్చి కూర్చో. అడిగితేనే మాట్లాడు. అడగరు."

"నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టిన దగ్గర్నుంచీ చేతకాలేదు సార్. నేను చెప్తాను. తర్వాత నన్నేం చేసుకుంటారో మీ ఇష్టం."

అలా అని బయటికొచ్చాను గానీ, మెట్లు దిగుతుంటే భయమేసింది. ఉద్యోగం గురించి కాదు. ఆ తెర నాకు ప్రాణం. పదిమంది ముందు నిలబడి అది తప్పు అని నా నోటితో నేనే ఎలా అనడం?

శుక్రవారం పదకొండింటికి విచారణ. మేనేజరు విజయకుమార్ బల్లకు ఆ చివర కూర్చున్నాడు. తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టి వైపు తెలుగువాడు. ఆఫీసులో తమిళమే మాట్లాడతాడు గానీ, శేషాద్రి, మేము, అందరం తెలుగువాళ్ళమే కావడంతో ఆ రోజు ఇంటి భాషలోకి దిగాడు. శేషాద్రిని కూర్చోమన్నారు. కూర్చోలేదు. అదే ఇస్త్రీ చొక్కా, అవే రెండు పెన్నులు.

విజయకుమార్ ప్రింటవుట్ ముందు పెట్టుకున్నాడు. "ఎనిమిది ఇరవైకి 725 అని పడిండాది. మీరు కొట్టిందే కదా?"

"నేను కొట్టిందే సార్. అంతకు ముందు రెండు తూర్లు 72.5 కొట్టినా. తీసుకోలా."

"దానికి సాక్షి ఎవురు?"

"నేనే సార్. వేరే ఎవురూ లేరు."

విజయకుమార్ నిట్టూర్చి పెన్ను మూత తీశాడు. నేను లేచి నిలబడ్డాను. కేదార్ నా దుపట్టా కొస పట్టి లాగాడు. లాక్కున్నాను.

"సాక్షి ఉంది సార్. తెరే సాక్షి. ఈ గదిలో కూర్చుని ఏం తేలదు. ఇప్పుడే పోయి ఆయన చేతే 72.5 కొట్టించండి."

అంత సులువైన పని మూడు రోజుల నుంచి ఎవరికీ తట్టలేదు. కంప్యూటర్ కాగితం మీద కొట్టిచ్చింది కదా, ఇంకా చూసేదేముంది అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను కాబట్టి వాళ్ళను అనడానికి నాకు మొహం లేదు.

అందరం కంట్రోల్ రూముకు పోయాం. ఆవిరి లైను మూసేసి ఉంది, ఏం కొట్టినా ప్రమాదం లేదు. మిగతా ఆపరేటర్లు సుబ్బన్, ఆరోగ్యసామి అక్కడే ఉన్నారు, వెనక్కి జరిగి చోటిచ్చారు. శేషాద్రి ఎడమచేత్తో ఒక్కో మీటా వెతుక్కుంటూ కొట్టాడు. ఏడు, రెండు, చుక్క, అయిదు. కీచుమంది. ఎర్రక్షరాలు వచ్చాయి, హద్దు దాటింది అని. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే. విజయకుమార్ ఆయన్ని పక్కకు జరగమని తనే కూర్చుని కొట్టాడు. మేనేజరని దానికేం తెలుసు, ఆయన్నీ గెంటేసింది. తర్వాత 725 కొట్టాడు. చప్పుడు లేకుండా తీసుకుంది. ప్రింటరు కిర్రుమని ఒక వరస కొట్టింది.

శేషాద్రి గొంతు సవరించుకున్నాడు, అంతే.

అప్పుడు కేదార్ జేబులోంచి చీటీ తీశాడు. "ఒక్క మాట సార్. హద్దులు 600, 850 అని మేం కల్పించలేదు. మీ వాళ్ళు రాసిచ్చిందే ఎక్కించాం. సంతకం చూడండి."

విజయకుమార్ చూశాడు. ఆయన మొహంలో అప్పుడే కొంచెం వెలుగొచ్చిందల్లా పోయింది. "శేషాద్రి, ఇది మీ రాతా?"

అది నాది కాదు, గుర్తు లేదు అని ఆయన అనొచ్చు. ఆయన చీటీని ముట్టుకోను కూడా లేదు. "నా రాతే సార్."

"డిగ్రీల్లో అడిగితే ఆరు వందలని ఎందుకు రాస్తిరి?"

ఆ ప్రశ్న వినగానే నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. మంట ఈసారి సరైన చోట పుట్టింది.

"సార్, ఒకటి అడుగుతాను, వెంటనే చెప్పండి. ఎంత వేడి దగ్గర జిగురులో మందు పోయడం మొదలుపెడతారు?"

"సిక్స్ ఎయిటీ" అన్నాడు విజయకుమార్.

అని ఆగిపోయాడు. వెనక ఆరోగ్యసామి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సుబ్బన్ గోడ వైపు తిరిగాడు. విజయకుమార్ చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత ఆయనకే నవ్వొచ్చింది.

"ఆరు వందల ఎనభై డిగ్రీల్లో జిగురే కాదు సార్, కెటిల్ కూడా మిగలదు" అన్నాను. "ఈ ఫ్యాక్టరీలో ఎవర్ని హద్దులు రాయమన్నా ఇలాగే రాసేవాళ్ళు. మీరైనా సరే. వారం రోజులు వీళ్ళ మధ్య కూర్చుని, ఆ మాట వింటూ, ఎగతాళి కూడా చేశాను. చీటీ చేతికొచ్చినప్పుడు మాత్రం ఆరు వందల డిగ్రీల జిగురు ఎక్కడైనా ఉంటుందా అని ఒక్క క్షణం ఆలోచించలేదు. చూపించే అంకె ఒక కొలతలో, కాపలా హద్దు ఇంకో కొలతలో పెట్టాను. పెట్టాక ఇక్కడ 72.5 కొట్టి చూడలేదు, రంగులు చూసుకుని వెళ్ళిపోయాను. ఎంత నుంచి ఎంత దాకా కొట్టొచ్చో నా తెర ఆయనకు చెప్పను కూడా లేదు. తప్పు నాది సార్. ఆయన నేర్చుకున్నదంతా సరిగ్గా చేశాడు."

ఇదంతా అంటే తల కొట్టేసినట్టవుతుందని రెండు రోజులు భయపడ్డానా, తీరా అన్నాక నిలబడ్డ చోటే రెండంగుళాలు పెరిగినట్టనిపించింది. నిజంగానే. తెర తప్పని చెప్పగలిగింది దాన్ని రాసిన నేను తప్ప ఆ గదిలో ఇంకెవరూ కాదు.

అక్కడే కూర్చుని సరిచేశాను. కాపలా ఇప్పుడు తెర మీద కనబడే కొలతలోనే చూస్తుంది. గడి పక్కన 60.0 నుంచి 85.0 అని రాసి ఉంటుంది. తోసేసినవి కూడా ప్రింటవుతాయి. గంటన్నర పట్టింది. శేషాద్రి నా వెనకే నిలబడి, ప్రతిదీ కొట్టి చూపించమన్నాడు. చుక్కతో ఒకటి, చుక్క లేకుండా ఒకటి, హద్దు మీద ఒకటి, హద్దు దాటి ఒకటి. నేను చేసి ఉండాల్సిన పరీక్ష ఆయన నా చేత చేయించాడు. ఒకచోట నేను తొందరపడి దాటెయ్యబోతే "ఎనభై అయిదు సరిగ్గా కొట్టు పాపా, అది ఇంకా చూడలా" అన్నాడు. నోరు మూసుకుని కొట్టాను.

అంతలో విజయకుమార్ విచారణ కాగితం రాసుకొచ్చి చదివాడు. ఆపరేటరు సరైన అంకె రెండుసార్లు కొట్టారు, సాఫ్ట్‌వేర్ దోషం వల్ల అది తీసుకోలేదు, ఆపరేటరు వెంటనే ఆవిరి ఆపి ప్రమాదం తప్పించారు, మెమో రద్దు చేయడమైనది. సోమవారం నుంచి పనిలోకి రావచ్చు.

"సరి, సంతకం పెట్టండి" అని పెన్ను అందించాడు.

శేషాద్రి కాగితం తీసుకుని మొదటినుంచీ చదివాడు. మళ్ళీ ఒకసారి చదివాడు. పెన్ను తీసుకోలేదు.

"ఇంకా ఏమి?"

"ఒక విషయం సార్. మెమోలో నా పేరు రాసినారు. ఇంటిపేరు, మా నాయిన పేరు అన్నీ రాసినారు. దీంట్లో ఆపరేటరు అని ఉండాది. ఎవురు సార్ ఆ ఆపరేటరు?"

"ఇట్లా రాసేది రివాజు. అందరికీ తెలుసు కదా మీరే అని."

"తప్పు అన్నప్పుడు పేరు రాసేది రివాజు, ఒప్పు అన్నప్పుడు రాయనిది రివాజా? చదివేవాళ్ళకు తెలియాల సార్. పేరు రాయండి."

గొంతు పెంచలేదు. బతిమాలలేదు కూడా. విజయకుమార్ కాగితం వెనక్కి తీసుకుని, ఆపరేటరు అన్న చోటల్లా కొట్టేసి పైన పేరు రాశాడు, ఇంటిపేరుతో, తండ్రి పేరుతో.

"ఇంకో చోట కూడా కొట్టెయ్యండి సార్" అన్నాను. "సాఫ్ట్‌వేర్ దోషం అని ఉంది. సాఫ్ట్‌వేర్‌కు చేతులు లేవు, దాన్ని రాసింది నేను. నా పేరు రాయండి."

కేదార్ బల్ల కింద నా కాలు తొక్కాడు. విజయకుమార్ నన్నూ శేషాద్రినీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ ఒకే ఇంటివాళ్ళా?" అని అడిగి, నా పేరు రాశాడు. కేదార్ ఆ తర్వాత నన్ను తీసెయ్యలేదు. వారం రోజులు మాట్లాడలేదు, అంతే. అంబత్తూరు వాళ్ళు నిర్ణయం చేసే ముందు ఆ కాగితం చూపించమని అడిగి మరీ చదివారు.

కానీ అది తర్వాతి మాట. ఆ రోజు శేషాద్రి కట్టున్న కుడిచేతిలోకే పెన్ను తీసుకున్నాడు. ఎడమచేత్తో పెట్టినా చాలని విజయకుమార్ అంటే వినలేదు. నొప్పికి పెదవి కొరుక్కుంటూ, చీటీ మీద ఉన్న ఆ ముత్యాల్లాంటి అక్షరాలు రాకపోయినా, పూర్తి పేరు రాశాడు. రాసి కాగితం నా ముందుకు జరిపాడు.

"నీ పేరు కాడ నువ్వు కూడా పెట్టు పాపా" అన్నాడు.

పెట్టాను. తప్పు అని రాసున్న వరస పక్కనే నా పేరు. అప్పటికీ ఇప్పటికీ అంత పొగరుగా నేనెక్కడా సంతకం పెట్టలేదు.